నాకు నయమైందని చెప్పాను

మా అత్తమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది నా చేతికర్ర దెబ్బకు. సోమవారం పొద్దున పది గంటలకు, మా వంటింటి గడప దగ్గర. బాత్రూంలో సబ్బు మీద కాలు జారి పడ్డానని ఆమె మా చర్చి సంఘంలో అందరికీ చెప్పింది. ఆ మాట మూడు వారాలు నిలిచింది.

నేను అల్వాల్‌లో ఒక బడిలో పన్నెండేళ్లు డ్రిల్ టీచర్‌ని. మెడలో విజిల్, చేతిలో బెత్తం. ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక పిల్లలు వరసగా నిలబడి రెండు చేతులూ చాపాలి, నేను గోళ్లు చూడాలి. ముందు అరచేతులు, తర్వాత తిప్పి చూపించాలి. నేను విజిల్ ఊదేదాకా దించకూడదు. గోరు పెరిగితే అరచేతి మీద ఒకటి, ఏడిస్తే ఇంకొకటి. మా అమ్మాయి కూడా అదే బడిలో చేరింది, అదే వరసలో నిలబడింది. సొంత బిడ్డను వదిలేసిందని ఎవరూ అనకూడదని ముందు దాన్నే కొట్టేదాన్ని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని స్టాఫ్‌రూంలో అనేవారు. అననీ అనుకున్నాను. మా బాపు బెల్టు దెబ్బలు తిని పెరిగినదాన్ని, కొడితేనే పిల్లలు బాగుపడతారని నమ్మినదాన్ని.

నాలుగేళ్ల కింద శామీర్‌పేట రోడ్డు మీద వెనక నుంచి టిప్పర్ వచ్చి నా స్కూటీని గుద్దింది. నడుము దగ్గర ఎముక చితికింది. రెండుసార్లు కోశారు, రాడ్లు వేశారు, స్క్రూలు బిగించారు. ఎముక అతికింది కానీ ఎడమ కాలికి పోయే నరం నలిగింది, అది మళ్లీ బాగుపడలేదు. బడి ఉద్యోగం పోయింది. మేడ్చల్‌లో మా ఇంట్లో, హాల్లో కిటికీ కింద మంచం వేశారు.

నొప్పి అంటే అందరూ తల ఊపుతారు. తలనొప్పి, పంటినొప్పి తెలిసినవాళ్లు నాకూ తెలుసంటారు. ఏం తెలుసు వాళ్ల మొహం! పిరుదు దగ్గర మొదలై మడమ దాకా, పొయ్యిలో కాల్చిన ఊచ దూర్చి లాగినట్టు ఉంటుంది. ఫ్యాన్ గాలి తగిలినా మంటే, దుప్పటి అంచు తగిలినా మంటే. పట్టలేక ఆ కాలినే పిడికిలితో గుద్దుకునేదాన్ని. ఒకరోజు చపాతీ కర్ర తీసుకుని తొడ మీద ఎడాపెడా బాదుకున్నాను. చర్మం కమిలి వంకాయ రంగు తిరిగింది. మా ఆయన కర్ర లాక్కుని బీరువా మీద పెట్టాడు. ఆయన కంపెనీ బస్సు నడుపుతాడు, మాట తక్కువ మనిషి. ఆయన మీదికి అన్నం కంచం విసిరాను. గోడకు పడ్డ పప్పు మరక ఇప్పటికీ ఉంది.

సికింద్రాబాద్‌లో నొప్పికే వైద్యం చేసే డాక్టరమ్మ ఒకామె ఉందని తెలిసి పోయాం. నా కాలు నరికేయమని అడిగాను. నిజంగానే అడిగాను, కాగితం మీద సంతకం పెడతానన్నాను. "నరికినా నొప్పి పోకపోవచ్చమ్మా, లేని కాలు కూడా నొప్పి పెడుతుంది" అంది ఆమె. మామూలు మాత్రలన్నీ అయ్యాక నల్లమందు జాతి మాత్రలు రాసింది. అవి వీధి చివర మందుల షాపులో దొరకవు. నెలకోసారి మనం స్వయంగా పోయి, సంతకం పెట్టి, ఆ ఆసుపత్రిలోనే తీసుకోవాలి. పొద్దున ఆరు గంటలకు ఒకటి, మధ్యాహ్నం రెండుకు ఒకటి, రాత్రి పదికి ఒకటి. "ఇవి నొప్పిని పూర్తిగా తీసెయ్యవు, మీరు బతకగలిగేంత తగ్గిస్తాయి. ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోకండి. మీ అంతట మీరు ఆపనూ ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు తిరగబడుతుంది" అని రెండుసార్లు చెప్పింది.

మలబద్ధకం పట్టుకుంది, ఒళ్లంతా దురద, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు. అయితే ఏం? ఏడాది తర్వాత మా అమ్మాయికి జడ వేశాను. నేలమీద పీట వేసుకుని వాళ్లతో కలిసి అన్నం తిన్నాను. మా కాలనీలో మాత్రం, "గవి మత్తు గోలీలంట గదా" అని ఒకామె మొహం మీదే అడిగింది. అత్తమ్మ తిట్టేది కాదు, దిగులు పడేది. "గోలీల మీద ఆనుకున్నోళ్లు దేవుని మీద ఆనుకోరు బిడ్డా" అనేది. నా కోసం మూడేళ్లుగా ప్రతి శుక్రవారం సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు ఆమె. ఆ వయసులో, ఆ షుగరుతో.

మా చర్చి మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో రేకుల షెడ్డు. శుక్రవారం ఉపవాస ప్రార్థన. అక్కడ ఒక పద్ధతి ఉంది. నయమయ్యాక సాక్ష్యం చెప్పడం ఎవరైనా చేస్తారు, విశ్వాసం ఉన్నవాళ్లు ముందే చెప్పాలి, చెప్పిన మాట వెంట స్వస్థత నడిచి వస్తుంది అంటారు. డాక్టరమ్మ మాత్ర మోతాదు పెంచిన వారం, శుక్రవారం ప్రార్థనకు పోయాను. గేటు దగ్గర నుంచి చాప దాకా కర్ర లేకుండా నడిచాను. అందరూ చూశారు. పాస్టర్ అయ్యగారు మైకు నా చేతికిచ్చారు. కొంచెం తగ్గింది, ప్రార్థన చేయండి అని చెప్పి కూర్చుందామనే లేచాను. ముందు వరసలో అత్తమ్మ నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఆకలికి పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నాకు నయమైంది" అన్నాను. "గోలీలు బంద్ జేసిన" అని కూడా అన్నాను.

రేకులు అదిరేలా చప్పట్లు. స్తోత్రం, స్తోత్రం అని కేకలు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రెండు గంటల మాత్ర నా పర్సులో ఉంది.

ఆ రోజు నుంచి దొంగతనంగా మింగాను. మాత్రల డబ్బా నా పాత డ్రిల్ సంచిలో, విజిల్ కింద దాచాను. సంచి తలుపు వెనక మేకుకు వేలాడేది. మా ఆయన బస్సు ఎక్కితే చీకటి పడ్డాకే దిగుతాడు, ఆయన గమనించలేదు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఒక్కతే చూసింది. దాని చెవి మెలిపెట్టి, "నానమ్మకు జెప్పినవో, సంపుత" అన్నాను. అది చెవి రుద్దుకుంటూ తల ఊపింది. ఒక గురువారం మా ఇంట్లో ప్రార్థనకు సంఘం ఆడవాళ్లు వచ్చారు. మిగిలిన గోలీలు ఏం చేశావని ఒకామె అడిగింది. నేను పకపకా నవ్వి, "ఏడనో ఉంటయి. కనవడితె పారేయ్ అత్తమ్మా! నాకేం పని వాటితోని?" అన్నాను. అదీ నా నోటి దురద.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, రెండు గంటలకు సంచిలో చెయ్యి పెడితే విజిల్ ఉంది, డబ్బా లేదు. ఎవరిని అడగను? ఏమని అడగను? తేలు కుట్టిన దొంగనైపోయాను. అప్పుడే నోరు తెరిచి, అత్తమ్మా నేను అబద్ధం చెప్పాను అని ఉంటే అయిపోయేది. చెప్పలేదు. డాక్టరమ్మకు ఫోన్ కూడా చేయలేదు, అత్తమ్మ వింటుందని.

సాయంత్రానికి ఆవులింతలు, ముక్కు నుంచి నీళ్లు. తర్వాత చెమటలు, చెమటల్లోనే చలి. కడుపులో పేగులు మెలితిరిగి బకెట్ పక్కనే కూర్చున్నాను. కాళ్లు వాటంతట అవే తన్నుకున్నాయి, తన్నుకున్నప్పుడల్లా నడుములో స్క్రూలు తిప్పినట్టు నొప్పి. దిండు పళ్లతో చింపాను. జ్వరమని చెప్పాను. ఆసుపత్రికి పోదామని మా ఆయన బతిమాలితే నోటికొచ్చిన బూతులు తిట్టాను. తెల్లారుజామున ఆయన డ్యూటీకి పోయాడు. నన్ను చూసుకోవడానికి మా అమ్మాయి బడి మానేసింది.

అది స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చింది. గ్లాసు గోడకేసి కొట్టాను. ఆ చప్పుడుతో నా బుర్రలో ఒకటే మాట నిలబడింది: డబ్బా సంగతి దీనికొక్కదానికే తెలుసు.

"ఏడ వెట్టినవే?" అన్నాను.

"ఏంది మమ్మీ?"

"నాటకాలాడకు! గోలీలు ఏడ వెట్టినవ్?"

"నేను తియ్యలే మమ్మీ."

జుట్టు పట్టుకున్నాను. నేనే వేసిన జడ. మంచం మీద నుంచి లేచి, దాన్ని వంటింటి గడప దాకా ఈడ్చాను. ఏ కాలు నడవలేదో ఆ కాలితోనే నడిచాను. చెంప మీద కొట్టాను, వీపు మీద గుద్దాను. అది రెండు చేతులూ చాపింది. "సూడు మమ్మీ, నా తాన లేవు, నేను తియ్యలే" అని అరుస్తోంది. నాకు ఆ చేతులే కనపడ్డాయి. చేతికర్ర ఎత్తి బలం కొద్దీ దించాను.

అత్తమ్మ మధ్యలోకి చెయ్యి పెట్టింది. ఎండు పుల్ల విరిగిన చప్పుడు వచ్చింది. ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూలబడింది.

"దాన్నెందుకు కొడుతున్నవ్? నేనే పారేసిన బిడ్డా" అంది. "సంచి ఉతుకుదామని తీస్తె కనవడ్డయి. నువ్వే అంటివి గదా, కనవడితె పారేయ్ అని."

ఆమె నన్ను అనుమానించి పారేయలేదు. కోడలు మైకులో దేవుని ముందు అబద్ధమాడుతుందని ఆమెకు తోచనే లేదు. అవి పాతవనుకుంది. నన్ను నమ్మి పారేసింది.

పక్కింటివాళ్లు నన్నూ అత్తమ్మనూ ఒకే ఆటోలో సికింద్రాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మకు అంతా కక్కేశాను. ఆమె తిట్టలేదు, తిడితే బాగుండేది. తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టింది. "దాచుకుని వేసుకునే మందు కాదమ్మా ఇది, ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి" అంది. డబ్బాకు తాళం పెట్టించి, తాళంచెవి అత్తమ్మకు ఇమ్మంది. మా ఆయన చెల్లెలు అదే సాయంత్రం వచ్చి మా అమ్మాయిని యాప్రాల్ తీసుకుపోయింది. అది వెనక్కి తిరిగి చూడలేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి, "నన్ను గొట్టు, పడుత. నా బిడ్డ మీద ఇంకోపారి చెయ్యి లేస్తె ఇగ నువ్వు నాకొద్దు" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన అంత మాటనడం అదే మొదటిసారి. రోజూ ఫోన్ చేశాను. "నానమ్మకియ్యి" అని తప్ప నా బిడ్డ నాతో ఇంకో మాట మాట్లాడలేదు. నాకు కాలు వద్దు, నడుము వద్దు, అది ఇంటికొస్తే చాలు అని కుమిలాను.

మూడో ఆదివారం చర్చిలో ఆడవాళ్లు అత్తమ్మ కట్టు చూసి, "కోడలికి నయమైంది గనక నిన్ను చూసుకుంటాంది, దేవుని దయ" అన్నారు. నా చెవుల్లో సీసం పోసినట్టయింది. లేచి, కర్ర పొడుచుకుంటూ పోయి, మైకు లాక్కున్నాను.

"నాకు నయం గాలే. ఆ పొద్దు అబద్ధం జెప్పిన. గోలీలు ఏసుకుంటనే ఉన్న, ఇగ కూడ ఏసుకుంట. అత్తమ్మ చెయ్యి సబ్బు ఇరగ్గొట్టలే, నేను ఇరగ్గొట్టిన. నా బిడ్డను గూడ కొట్టిన."

ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు సైగ చేస్తే కీబోర్డు అందుకుంది, పాట మొదలైంది, నా గొంతు అందులో కలిసిపోయింది. ఆటోలో అత్తమ్మ మండిపడింది. "బుద్ధి దెలిసినకాడ్నించి దేవుని ఇంట్ల అబద్ధమాడలే నేను. నీ కోసం ఆడిన. దాన్ని గూడ బజార్ల వెడితివి" అంది. ఇంటికి రాగానే ఎడమ చేత్తో డబ్బా తాళం తీసి, "యాళ్లయింది, ఏసుకో" అంది.

తర్వాతి ఆదివారం మా అమ్మాయి నానమ్మను చూడడానికి వచ్చింది. దాన్ని తీసుకొచ్చిన మా ఆయన చెల్లెలు గుమ్మంలోనే నిలబడింది, చెప్పులు విడవలేదు. రెండయింది. అత్తమ్మ తాళం తీసింది గానీ, ఒక్క చేత్తో మాత్రల రేకులోంచి మాత్ర ఊడదీయలేకపోయింది. "నువ్వు తియ్యవే" అని పిల్లకు ఇచ్చింది. అది బొటనవేలితో నొక్కింది. మాత్ర తీసుకుని నా మంచం వైపు వచ్చింది. కర్ర అందనంత దూరంలో ఆగింది. స్టూలు మీద మాత్ర పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

ఎవరూ అడగలేదు. అదే రెండు చేతులూ చాపింది. ముందు అరచేతులు చూపించింది, తర్వాత తిప్పి చూపించింది.

"సూడు మమ్మీ. నేను తియ్యలే."

నాకు ఏడుపు ఆగలేదు. "తెలుసు బిడ్డా. నువ్వు తియ్యలే. అబద్ధమాడింది నేను, కొట్టింది నేను. దించు" అన్నాను.

దించలేదు. మళ్లీ చెప్పాను. అయినా దించలేదు. నానమ్మ వైపు చూసింది. ఆమె తల ఊపాకే ఆ చేతులు కిందికి దిగాయి.