కుర్చీ ఎక్కడ కిర్రుమంటోంది

బస్యూనీ చెక్కిన గులాబీని వేలితో తడిమితే, ఉలి ఎక్కడ ఆగి మళ్ళీ కదిలిందో తెలియదు. ఈజిప్టులోని మా దుమ్యాత్ ఊళ్ళో కుర్చీ వీపులు చెక్కేవాళ్ళు వీధివీధికీ ఉంటారు కానీ, గులాబీ కావాలంటే అతని దగ్గరికే వచ్చేవారు. వాళ్ళు చెక్కినవాటికి స్ప్రింగులు బిగించి, పీచు నింపి, గుడ్డ తొడగడం నా పని. మా రెండు కొట్లకూ మధ్య ఒకటే గోడ. నా వయసులో సగానికి పైగా ఆ గోడ అవతలి సుత్తి చప్పుడు వింటూనే మేకులు కొట్టాను.

ఒక చలికాలం ఆ చప్పుడు ఆగిపోయింది.

అతని చెయ్యి విరగలేదు, చూపు తగ్గలేదు, ఇంట్లో ఎవరూ పోలేదు. పొద్దున్నే వచ్చి కొట్టు తెరిచేవాడు. ఉలులు బల్లమీద వరసగా పరిచేవాడు. సాయంత్రం వాటిని అలాగే నూనెగుడ్డలో చుట్టేసేవాడు. భార్య ఇన్‌సాఫ్ పంపిన చిక్కుడుగింజల కూర, రొట్టె వీధి పిల్లులు తినేవి. ఒక పెళ్ళికూతురి కుర్చీ వీపు మీద గులాబీ సగంలో ఉండిపోయింది. పెళ్ళివాళ్ళు చూసిచూసి ఇంకొకరి చేత చేయించుకున్నారు.

ఊళ్ళో డాక్టర్లు మందులు మార్చిమార్చి ఇచ్చారు. నోరు ఎండిపోవడం తప్ప ఏమీ కాలేదు. మందుల షాపు నజ్‌వా ఒకరోజు ఇన్‌సాఫ్‌తో చెప్పింది: "మన్సూరా ఆసుపత్రిలో, మామూలు మందులకు తగ్గని దిగులుకి కొత్త మందు పరీక్షిస్తున్నారు వదినా. ఒప్పుకున్నవాళ్ళనే చేర్చుకుంటారట. అడిగి చూడండి."

వాళ్ళిద్దరూ, నేనూ ముగ్గురం వెళ్ళాం. అక్కడి డాక్టర్ హాలా వయసులో చిన్నపిల్ల, కానీ నిదానం మనిషి. సగంమందికి కొత్త మందు ఇస్తామనీ, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్తి బిళ్ళ ఇస్తామనీ, ఎవరికేది పడిందో తనకు కూడా తెలియదనీ చెప్పింది. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చు, మానుకున్నా మామూలు వైద్యం మాత్రం ఆపరు.

బస్యూనీ అంతా విని, నా వైపు చెయ్యి చూపించి, "అంటే మా రిఫాయీ సోఫాలే. లోపల స్ప్రింగులున్నాయో గడ్డి ఉందో కూర్చుంటే గానీ తెలీదు" అన్నాడు.

"ఇక్కడ కూర్చున్నాక కూడా తెలీదు బాబాయ్," అంది డాక్టరు.

అతను హాస్యమాడి ఎన్నాళ్ళయిందో! ఇన్‌సాఫ్ నవ్వి, తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

"నిద్ర ఎలా పడుతోంది బాబాయ్?"

"అల్‌హందులిల్లా."

"తిండి?"

"దేవుడి దయ. లోటు లేదు."

"పని మీద మనసు పోతోందా?"

"ఆయన ఇచ్చిందానికి వంక పెట్టకూడదమ్మా. అల్‌హందులిల్లా."

ఇన్‌సాఫ్ ఆగలేక నోరు తెరిచింది. "జవాబు ఆయనే చెప్పాలి పిన్నీ," అని డాక్టరు మెల్లగా ఆపింది. చివరికి కలం కింద పెట్టేసింది. "ఈ జవాబుల ప్రకారం మీకు దిగులు చాలా తక్కువ. మీరు ఈ పరీక్షకు సరిపోరు." అతను చిక్కిపోయి బెల్టుకు కొత్తగా పొడుచుకున్న బెజ్జం వైపు ఆవిడ చూపు పోయింది. "నేను చూసింది రాసుకోకూడదు బాబాయ్, మీరు చెప్పిందే రాయాలి. వచ్చేవారం ఇంకొక్కసారి అడుగుతాను. ఆ తర్వాత ఎవర్నీ చేర్చుకోరు."

బయట వసారాలోనే ఇన్‌సాఫ్ విరుచుకుపడింది. "లోటు లేదా? పిల్లులు నీ తిండి తిని బలిశాయి! రాత్రంతా కప్పు చూస్తూ పడుకుంటావు, వెళ్ళి నిద్ర భేషుగ్గా ఉందని చెప్తావా?"

"దేవుడి మీద ఫిర్యాదు చెయ్యమంటావా, ఆ పిల్ల ముందు?"

మా ఇళ్ళలో ఎవరైనా ఎలా ఉన్నావంటే, ఒళ్ళు కాలిపోతున్నా ముందు అల్‌హందులిల్లా, దేవుడికే స్తుతి, అన్న మాటే వస్తుంది. అమ్మ పాలతో పాటు నేర్చుకున్నది. అతను అబద్ధం ఆడలేదు, మర్యాద పాటించాడు.

ఆ వారమంతా గోడ అవతల మౌనం వింటూ పాత కుర్చీలు విప్పాను. ఇన్‌సాఫ్ రోజూ నా కొట్టు గుమ్మం దగ్గర ఆగి, "ఏదో ఒకటి చెయ్యి అన్నయ్యా" అనేది. అలా విప్పుతుంటేనే ఒక మాట తట్టింది. మళ్ళీ మన్సూరా వెళ్తున్నప్పుడు బస్సులో అతని పక్కన కూర్చుని అడిగాను.

"ఉస్తాద్, నీ దగ్గరికి ఒకడు కుర్చీ మోసుకొచ్చాడనుకో. ఎక్కడ కిర్రుమంటోందయ్యా అంటే, 'అల్‌హందులిల్లా, బంగారంలాంటి కుర్చీ' అన్నాడు. ఏం చేస్తావు?"

"నెత్తిన ఒక్కటిచ్చి పంపిస్తా. మరెందుకు మోసుకొచ్చాడు, గాడిద!"

"సరే. వెనక ఎడమకాలు కిర్రుమంటోందని చెప్పాడు. అప్పుడు దాన్ని చేసిన మేస్త్రీని తిట్టినట్టా?"

"ఎందుకవుతుంది? జిగురు ఎండిపోయి ఉంటుంది. ఎంత మంచి కుర్చీకైనా..." మధ్యలోనే ఆగిపోయి నా వైపు చూశాడు. "స్ప్రింగులు బిగించేవాడివి, నీకెందుకురా ఇమాము పని?"

కిటికీ వైపు తిరిగి వరిమళ్ళు చూస్తూ కూర్చున్నాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

డాక్టర్ హాలా అదే మొదటి ప్రశ్న అడిగింది. "నిద్ర ఎలా పడుతోంది బాబాయ్?"

"అల్‌హందులిల్లా," అన్నాడు. ఇన్‌సాఫ్ కళ్ళు మూసుకుంది. డాక్టరు తొందరపడకుండా చూస్తూ ఉంది. అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు, చెక్కలో చీలిక వెతికినట్టు.

"నిద్ర లేదమ్మా," అన్నాడు. "ఉలి పట్టుకుంటే నా చెయ్యిలా ఉండదు. గులాబీ ఎక్కడ మొదలెట్టాలో తెలియట్లేదు." మావైపు తిరగకుండానే, "రిఫాయీ, ఇన్‌సాఫ్‌ని తీసుకుని బయటికెళ్ళు. మీరుంటే మిగతాది చెప్పలేను" అన్నాడు.

వసారాలో ఇన్‌సాఫ్ నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది. మిగతాది ఏమిటో ఆమె అడగలేదు, నేను ఊహించలేదు. లోపల చాలాసేపయింది. బయటికి వచ్చినప్పుడు అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నడక మాత్రం బరువు దించుకున్నవాడిలా ఉంది. "చేర్చుకున్నారు," అన్నాడు. "టీ ఎక్కడ దొరుకుతుంది?"

పరీక్ష ముగిసిపోయింది. అతనికి మందు పడిందో, ఉత్తి బిళ్ళ పడిందో ఇంకా చెప్పలేదు. లెక్కలన్నీ తేలాక చెప్తారట. మధ్యలో రెండుసార్లు బాగా కిందికి జారాడు. రెండుసార్లూ తనే ఫోను చేసి డాక్టరుకి చెప్పాడు. మందు పనిచేసిందో, ఎవరో మాటిమాటికీ అడిగి వినడం పనిచేసిందో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలుసని చెప్పను. గోడ అవతల మాత్రం చప్పుడు వినిపిస్తోంది. ముందు చిన్న సుత్తి, తర్వాత పెద్దది. సగంలో ఆగిన ఆ గులాబీని పూర్తిచేశాడు. అమ్మలేదు, కొట్టు గుమ్మం మీద బిగించాడు.

నిన్న పొద్దున ఇన్‌సాఫ్ క్యారియరు తెచ్చి, గుమ్మంలోంచే అడిగింది. "ఎలా ఉన్నావు మనిషీ?"

"అల్‌హందులిల్లా," అన్నాడు బస్యూనీ. సుత్తి ఆగింది. "ఇవాళ కొంచెం కిర్రుమంటోంది. లోపలికొచ్చి కూర్చో."

ఆమె లోపలికి వెళ్ళింది. పిల్లులు కాసేపు గుమ్మం దగ్గర చూసి, పక్క వీధిలోకి వెళ్ళిపోయాయి.