అమ్మీ చెప్పని జవాబులు

ఇద్దరు ఆడవాళ్ళ రక్తం నా చేతుల్లో తారుమారైంది. రెండు వేల ఆరు ప్రాంతపు మాట. నాకు ముప్ఫై రెండేళ్ళు. విజయవాడలో ఆసుపత్రులు వరసగా ఉండే వీధిలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో తొమ్మిదేళ్ళుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను.

ఆ రోజు పరగడుపున షుగర్ పరీక్షకు వచ్చినవాళ్ళలో ఒకామె ఏడో నెల గర్భిణి. ఇంకొకావిడ అరవై దాటిన మనిషి. పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి ఇద్దరికీ రక్తం తీశాను. రెండు ట్యూబులూ స్టాండులో పెట్టి, పేర్లు రాద్దామని పెన్ను తీసేలోపు ఫోను మోగింది. మాట్లాడి వచ్చి రాశాను. ఏ ట్యూబు మీద ఏ పేరు రాస్తున్నానో చూసుకున్న గుర్తు నాకు ఇప్పటికీ లేదు.

సాయంత్రానికి గర్భిణికి షుగర్ బాగా ఎక్కువుందని రిపోర్టు వెళ్ళింది. పెద్దావిడకు ఏమీ లేదని వెళ్ళింది. గర్భిణిని చూసే డాక్టరమ్మ ఆ రిపోర్టు నమ్మలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టకుండా మర్నాడు మళ్ళీ రక్తం పంపింది. ఆ రెండో పరీక్ష నేనే చేశాను. మిషన్ అంకె చూపించేదాకా అక్కడే నిలబడ్డాను. తొంభైకి లోపే వచ్చింది. అంటే ఆ మొదటి అంకె పెద్దావిడది.

ఆవిడ ఇల్లు పటమటలో. ఆటో ఎక్కి నేనే వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి సంతోషంగా లేచింది. "షుగర్ లేదని రాశారుగా అమ్మా! నిన్న మనవరాలి పుట్టినరోజుకి రెండు లడ్లు తిన్నా. ఎన్నేళ్ళయిందో తిని." రిపోర్టు తారుమారైందని, మళ్ళీ రక్తం తీసుకోవాలని చెప్పాను. ఆవిడకు ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ ఏడాదిలో నా చేతి మీదుగా ఇలా జరగడం అది మూడోసారి.

ల్యాబ్ నడిపే డాక్టరుగారిని మేమంతా మేడం అనేవాళ్ళం. ఆవిడ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"నీ చెయ్యి మంచిదమ్మా. నెలల పిల్లలకి కూడా ఒక్కసారికే నరం దొరుకుద్ది నీకు. మరి పేరు రాయడం దగ్గర ఏమవుతోంది?"

"తెలీదు మేడం. శ్రద్ధగానే చేస్తున్నాను."

"అదే నేనూ చూస్తున్నా. ఇది బద్ధకం కాదు. నాకు తెలిసిన సైకియాట్రిస్టు ఒకాయన ఉన్నారు. వెళ్ళి ఒకసారి మాట్లాడు. ఆయన ఏం చెప్పారో నాకు చెప్పేదాకా నువ్వు ట్యూబుల మీద పేర్లు రాయొద్దు."

మా ఆయన ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేస్తారు. క్లినిక్‌కి నన్ను స్కూటర్ మీద ఆయనే తీసుకెళ్ళారు. లోపలికి మాత్రం రానన్నారు. ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని హెల్మెట్ కూడా తీయకుండా బయటే నిలబడ్డారు.

డాక్టరుగారు ముప్పావు గంట అడిగారు. పొయ్యి మీద పాలు మర్చిపోతారా, ఎదుటివాళ్ళ మాట మధ్యలో మనసు ఎటో పోతుందా, మొదలుపెట్టిన పని వదిలేసి ఇంకోటి పట్టుకుంటారా. అన్నిటికీ అవునన్నాను. చివరికి ఆయన, చిన్నపిల్లల్లో ఏడీహెచ్‌డీ అని, మనసు ఒకచోట నిలవని సమస్య ఒకటి ఉంటుందని, కొందరికి పెద్దయ్యాక కూడా పోదని చెప్పారు. ఒక ఫారం చేతికిచ్చారు.

"ఇది ఉన్నట్టుండి ముప్ఫై ఏళ్ళకి వచ్చేది కాదండీ. ఉంటే చిన్నప్పటినుంచీ ఉండాలి. మిమ్మల్ని పెంచినవాళ్ళు ఎవరైనా దీన్ని నింపాలి. వచ్చే వారం తీసుకురండి."

పద్దెనిమిది ప్రశ్నలు. ఒక్కోదానికి ఎదురుగా నాలుగు జవాబులు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా ఎక్కువగా. వాటిలో ఒకదాని చుట్టూ సున్నా చుట్టాలి.

నన్ను పెంచినవాళ్ళలో మిగిలింది మా అమ్మ, అమ్మీ, ఒక్కతే. భవానీపురంలో తమ్ముడి దగ్గర ఉండేది. కళ్ళు బాగున్నన్నాళ్ళూ చీరలకు ఫాల్సు కుట్టింది. ఉర్దూ చదవగలదు కానీ తెలుగు అక్షరం రాదు. ఆదివారం వెళ్ళి, ల్యాబ్ పని మీద ఏవో ప్రశ్నలు అడగాలని చెప్పి ఎదురుగా కూర్చున్నాను. ఒక్కో ప్రశ్నా మా ఇంటి మాటల్లోకి మార్చి అడిగాను.

"చిన్నప్పుడు నేను వస్తువులు పోగొట్టుకునేదాన్నా అమ్మీ?"

"పిల్లలన్నాక పోగొట్టుకోరా ఏంటి? ఎప్పుడన్నా."

"చెప్పింది వినేదాన్ని కాదా?"

"ఎందుకు వినవు? నా మాట ఎప్పుడన్నా కాదన్నావా నువ్వు?"

ఏ ప్రశ్న అడిగినా అంతే. కూతురి గురించి ఎవరో ఆరా తీస్తున్నట్టు, ప్రతిదానికీ అడ్డు నిలబడింది. ఆమె చెప్పినట్టే రాస్తే నాకు ఏ సమస్యా లేనట్టే. సమస్య లేకపోతే నేను ఏమిటి? ఆ మాట మా నాన్న, అబ్బా, ఎప్పుడో చెప్పేశారు. నాకు పదేళ్ళప్పుడు ఆయన పనిచేసే మోటార్ల షెడ్డుకు అన్నం క్యారేజీ ఇచ్చి పంపితే, దాన్ని సిటీ బస్సులోనే వదిలేసి ఉత్త చేతులతో ఆయన ముందు నిలబడ్డాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. "లాపర్వా" అన్నారు, అంతే. ఏ పట్టింపూ లేని మనిషివి అని. ఆ పూట పస్తున్నారు.

నా పెన్సిల్ 'అప్పుడప్పుడు' దగ్గర ఆగి, జరిగి, 'చాలా ఎక్కువగా' చుట్టూ తిరిగింది. అమ్మీ దాస్తోంది, నిజం ఇదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అలా ఏడు ప్రశ్నలకు చేశాను. అమ్మీ నా చేతివైపు చూస్తూనే ఉంది. ఆ కాగితం మీద ఏముందో ఆమెకు తెలియదు.

తర్వాతి వారం డాక్టరుగారు ఆ ఫారం చూసి, మార్కులు కూడి తలెత్తారు. "మీ అమ్మగారు చాలా స్పష్టంగా చెప్పారు. నాకు అనుమానం లేదు. ఇది ఏడీహెచ్‌డీనే." అక్కడే, ఆ కుర్చీలోనే, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన మంచినీళ్ళు తెప్పించారు, మాత్రలు రాశారు. బయట మా ఆయన హెల్మెట్ తీసి, "ఏమన్నారు?" అన్నారు. "నా తప్పు కాదంట," అన్నాను.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు.

మాత్రలకు నోరు ఎండిపోయేది, అన్నం సయించేది కాదు. కానీ పని కుదురుగా సాగింది. మేడం మళ్ళీ లేబుళ్ళు నా చేతికిచ్చింది. నాకేమో కుదురు లేదు. ఇది మాత్ర వల్లా, లేక ఆ గర్భిణి మొహం గుర్తొచ్చి భయంతో ప్రతి పేరూ నాలుగుసార్లు చూసుకోవడం వల్లా? అంత భయపడితే ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు కదా. డాక్టరుగారికి అనుమానం లేకుండా చేసింది ఆ ఫారం. ఆ ఫారం నింపింది నేను. పరీక్ష రాసిందీ, పేపరు దిద్దుకున్నదీ నేనే అయితే ప్యాసు కాక ఏమవుతాను? శాంపిల్ తప్పయితే రిపోర్టు ఎంత అందంగా ఉన్నా చెత్తే. ఈ సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు?

మా ఆయనతో చెప్పాను. "ఏదైతేనేం, పని జరుగుతోందిగా. ఎందుకు కెలుక్కుంటావు?" అన్నారు. నేను కెలుక్కోకుండా ఉండలేకపోయాను. పాలు పొంగినా అనుమానమే, పొంగకపోయినా అనుమానమే. మర్చిపోయిన ప్రతి వస్తువునూ సాక్ష్యంగా లెక్కేసుకుంటున్నానని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది.

నెల తర్వాత మళ్ళీ అమ్మీ దగ్గరికి వెళ్ళాను. చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. మాటల్లో పెట్టి ఆ ప్రశ్నలే ఒకటొకటిగా మళ్ళీ అడిగాను. ఈసారైనా 'చాలా ఎక్కువగా' అంటుందేమోనని. మూడో ప్రశ్నకు ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఇవన్నీ ఆ రోజు అడిగావు. చెప్పాను. మళ్ళీ ఎందుకు అడుగుతున్నావు?"

నేను ఒక చింతపండు రెబ్బ చేతిలోకి తీసుకున్నాను.

"నేను చెప్పింది రాయలేదా నువ్వు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అబద్ధం రాలేదు. అయిదు నిమిషాల్లో అంతా బయటపడింది: ల్యాబ్, ఇద్దరు ఆడవాళ్ళు, ఆమె లెక్కలో పిచ్చి డాక్టరైన ఆ సైకియాట్రిస్టు, ఏడు సున్నాలు. అమ్మీ మొహం ఎర్రబడింది.

"నా నోట్లో మాటలు పెట్టి, నా కూతురికి మెదడు బాలేదని నాతోనే చెప్పించావా? నేను అక్షరం రానిదాన్నని?"

"అది కాదమ్మీ..."

"ఇంకేం చెప్పకు. ఆ డాక్టరు ఎప్పుడుంటాడు? నేనే వస్తా. నా నోటితో నేనే చెప్తా."

దారంతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. క్లినిక్‌లో బెంచీ మీద మా మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చుంది. లోపలికి పిలిచారు. కూర్చోకముందే చెప్పేశాను: "ఆ ఫారంలో ఏడు జవాబులు మా అమ్మవి కావండీ. నేను మార్చాను."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. "అసలు నేనే మీ అమ్మగారితో మాట్లాడి ఉండాల్సింది. కాగితంతో సరిపెట్టాను," అన్నారు. తర్వాత నన్ను వదిలేసి అమ్మీ వైపు తిరిగారు.

"ప్రశ్నలు వద్దులెండమ్మా. ఈ అమ్మాయి బడికి వెళ్ళేటప్పుడు పొద్దున్నే మీ ఇంట్లో ఎలా ఉండేదో చెప్పండి చాలు."

అమ్మీ బురఖా సర్దుకుని నిటారుగా కూర్చుంది. "ఎలా ఉంటదండీ? నేను గుమ్మంలో నిలబడి పుస్తకాలు, పెన్ను, క్యారేజీ, చున్నీ, ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగేదాన్ని. అన్నీ ఉంటేనే గడప దాటనిచ్చేదాన్ని. బడి గేటు దాకా వెనకే నడిచేదాన్ని. లెక్కలు చేస్తుంటే ఎదురుగా కూర్చుని కుట్టుకునేదాన్ని. నేను లేస్తే అదీ లేస్తది కదా."

"ఎన్నో తరగతి దాకా?"

"పది దాకా."

"మీ అబ్బాయికి కూడా అలాగే చేశారా?"

"వాడికెందుకండీ? వాడంతట వాడే..." అంటూ అమ్మీ ఆగిపోయింది. నా వైపు చూసింది. ఇంటి దగ్గర బయలుదేరాక నా మొహం చూడడం అదే మొదలు.

వెంటనే డాక్టరుగారి వైపు తిరిగి, "కానీ ఇది కూడా రాసుకోండి. కుట్టు మిషన్ ముందు కూర్చుంటే మూడు గంటలు కదిలేది కాదు. ఆ జబ్బున్న పిల్ల అట్లా కూర్చుంటదా?" అంది.

"కొందరు కూర్చుంటారు. ఏ సమస్యా లేని పిల్లలూ కూర్చుంటారు," అన్నారాయన. తర్వాత నాతో, "పోయినసారి చెప్పినంత గట్టిగా ఈసారి చెప్పలేనండీ. ఉందనే అనిపిస్తోంది. తప్పూ కావచ్చు. ఆరు వారాలు మాత్రలు ఆపి చూద్దాం. మీ మేడంగారికి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి," అన్నారు.

మేడంకి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆవిడ అంతా వింది. చివరికి, "ఇక్కడ ఎవరి తలకాయ మీదా ఆధారపడకుండా చేద్దాం," అని ల్యాబ్ మొత్తానికి పద్ధతి మార్చింది. సూది గుచ్చకముందే ట్యూబు మీద పేరు రాయాలి. ఆ పేరు మనిషికి చదివి వినిపించి అవుననిపించుకోవాలి. ఫోను మోగినా కుర్చీ దగ్గరనుంచి కదలకూడదు. ఈ నియమం నాకొక్కదానికే కాదు, అందరికీ.

మాత్రలు లేని ఆ ఆరు వారాల్లో రెండుసార్లు తప్పు పేరు రాయబోయాను. రెండుసార్లూ ఎదురుగా కూర్చున్న మనిషే పట్టుకున్నాడు. "అది నా పేరు కాదండీ" అని వినగానే ఆ ట్యూబు పక్కన పడేసి కొత్తది తీసేదాన్ని. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాక అలా జరగలేదు. అయితే అప్పటికి ఆ పద్ధతి కూడా అలవాటైపోయింది కాబట్టి, దేనివల్లో తేల్చుకోలేకపోయాను. ఏడాదిన్నర వాడి, డాక్టరుగారికి చెప్పే మానేశాను. ల్యాబ్‌లో ఇంకో నాలుగేళ్ళు చేశాను. నా చేతి మీదుగా మళ్ళీ ఎవరి రక్తమూ మారలేదు.

ఉందా లేదా అంటే ఉందనే అనుకుంటాను. కొన్ని రోజులు అనుకోను. ఆ ఏడు సున్నాలు సిగ్గుగా గుర్తొచ్చే రోజులవి.

అమ్మీ ఆ తర్వాత కొన్ని నెలలు నాతో ముభావంగానే ఉంది. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "నేను అట్లా వెంటపడి ఉండకపోతే నీకు ముందే తెలిసేదేమో బేటా," అంది. అలా వెంటపడబట్టే పది గట్టెక్కానని, ఉద్యోగం వచ్చిందని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. నా కంచంలో ఇంకాస్త పప్పు వేసి, తమ్ముడి పిల్లల బడి సంగతులు ఎత్తుకుంది.