బండి కదిలినాక

మా వఠారంలో మూలింటావిడ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోగొట్టుకుందామని నేనెప్పుడూ ప్రయత్నించలేదు కూడా. వయసు మీద పడితే మనసు మెత్తబడుతుందంటారు. ఎవరికి మెత్తబడుతుందో తెలియదు, నాకు మాత్రం పడలేదు.

తొంభైలలో మేం యలహంకలో ఉండేవాళ్ళం. వరసగా రేకుల ఇళ్ళు, అందరికీ కలిపి ఒకటే కొళాయి. అందరూ హిందూపురం, మడకశిర వైపు నుంచి పనులకు వచ్చినవాళ్ళే. ప్రతి చలికాలంలోనూ ఒక ఆదివారం వఠారమంతా టెంపో మాట్లాడుకుని దొడ్డబళ్ళాపురం వైపున్న ఒక కొండకు వెళ్ళేది. ఎక్కడం పెద్ద కష్టం కాదు. ఎక్కాక దాని వెన్ను మీద ఆ చివరి దాకా నడవాలి. అక్కడ ఒక చిన్న బసవన్న ఉండేవాడు. ఆయన ముందు దీపం పెట్టి, తెచ్చుకున్నది తిని, వచ్చిన దారినే తిరిగి రావాలి. ఈ యాత్రకు పెత్తనమంతా మూలింటావిడదే. టెంపో ఆమె మొగుడిది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఏం వండాలో ఆమె చెప్పిందే మాట.

పులిహోర మా అమ్మ వంతు. నాన్న చనిపోయిన ఏడాది కూడా ఆ వంతు మారలేదు.

నేనప్పుడు పదో తరగతి. నాన్న పోయినప్పటి నుంచి పనికి తప్ప మరెక్కడికీ కదలని అమ్మ, ఆ రోజు తెల్లవారకముందే లేచి వండింది. నాన్న గోధుమరంగు స్వెట్టరు చీర మీద వేసుకుంది. ఆయన పేరున బసవన్న ముందు ఒక దీపం పెట్టాలని ఆమె కోరిక. ఆ మాట నాకు నాలుగైదుసార్లు చెప్పింది. నేను పులిహోర గిన్నె పట్టుకుని టెంపో ఎక్కి ఆమెకు చోటు ఆపాను.

అమ్మ నూనె బుడ్డి, ప్రమిద పట్టుకుని గడప దాటింది. టైర్ల కింద నిమ్మకాయలు పెడుతున్న మూలింటావిడ నవ్వుతూనే అడ్డం వచ్చింది.

"అక్కా, ఏమీ అనుకోవాకు. బయల్దేరే టైములో నువ్వు ఎదురుగా ఉంటే బాగుండదు. సొల్ప సేపు లోపలుండు. బండి కదిలినాక వద్దువులే."

మొగుడు పోయిన ఆడది శుభానికి ఎదురు రాకూడదట. అమ్మ లోపలికి వెళ్ళింది. నిమ్మకాయలు చితికాయి, టెంపో కదిలింది. సందు చివర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ చేయెత్తి పరుగెత్తుతోంది. నేను టెంపో రేకు మీద దబదబా బాదాను.

"లేటైతాండాది మే," అంది మూలింటావిడ ముందు సీట్లోంచి. "మీయమ్మ బస్సులో వస్తాదిలే."

అమ్మ రాలేదు. ఆమె వండిన పులిహోర మాత్రం వచ్చింది. కొండ చివర కూర్చుని అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. "మీయమ్మ చెయ్యి చెయ్యే మే," అంటూ మూలింటావిడ రెండోసారి పెట్టించుకుంది. ఆ చేతి వంట కావాలి, ఆ మనిషి ముఖం మాత్రం పనికిరాదు! ఒళ్ళు మండిపోయింది నాకు. ఒక్క మెతుకు ముట్టలేదు. ఆమె నమిలే నోటినే చూస్తూ, ఈ కొండ మీదే నీ పని పడతాను అనుకున్నాను.

ఇంటికొస్తే అమ్మ ఒక్కటే అడిగింది. "ఉప్పు సరిపోయిందా?" ఆ తర్వాత స్వెట్టరు మడిచి పెట్టెలో పెట్టింది. అరిచి ఉంటే, ఏడ్చి ఉంటే నా కోపం కొంతైనా తగ్గేదేమో.

మరుసటి ఏడు మేమిద్దరం వెళ్ళలేదు. ఆ పై ఏడు నాకు టెలిఫోన్ బూత్‌లో పని దొరికింది, ధైర్యమూ వచ్చింది. అమ్మకు అబద్ధం చెప్పాను. వాళ్ళు నిన్ను రమ్మన్నారు, టెంపోలో చోటు లేదంట, మనం బస్సులో ముందే పోదాం అన్నాను. అమ్మ నా వైపు కాసేపు చూసింది. పెట్టె తెరిచి స్వెట్టరు తీసింది.

కొండ కింద, టెంపో ఆగే చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న బండ మీద అమ్మను కూర్చోబెట్టాను. బండి దిగిన మనిషికి మొట్టమొదట కనబడవలసింది మా అమ్మ ముఖమే. అనుకున్నట్టే జరిగింది. మూలింటావిడ కర్పూరం పళ్ళెంతో దిగి, తలెత్తి, అక్కడే కొయ్యబారిపోయింది. ఆమె ముఖం మాడిపోవడం చూసి నా కడుపు చల్లబడింది.

"అబద్ధం చెప్పినావు కదమ్మీ," అంది అమ్మ మెల్లగా. లేచి బస్సు వైపు నడవబోయింది. చేయి పట్టుకుని ఆపాను. "నాన్నకు దీపం పెట్టి పోదాం" అంటే కొండ వైపు తిరిగింది.

మూలింటావిడ మొగుడు ఎప్పటిలాగే బండి దగ్గర ఉండిపోయాడు. మేం వాళ్ళందరి కంటే ముందు ఎక్కాం. వాళ్ళు దగ్గరికి వచ్చినప్పుడల్లా "అమ్మా, అటు చూడు, విమానం" అనో "అదిగో చెరువు" అనో ఆమెను వెనక్కి తిప్పేదాన్ని. పాపం అమ్మ ప్రతిసారీ తిరిగి చూసేది. మూలింటావిడ ప్రతిసారీ తల పక్కకు తిప్పుకునేది. ఆ ఆట నాకెంత బాగుందో చెప్పలేను.

ఆ రోజు గాలి అలాంటిలాంటిది కాదు. మంకీ క్యాపుల్లోంచి కూడా చెవులు కోసేసింది. కొండ వెన్ను మధ్యలో ఒకచోట రెండు మంచాల వెడల్పు ఉంటుంది. దాన్ని అందరం కొండ నడుము అనేవాళ్ళం. నున్నటి బండ, రెండు వైపులా లోయ. అమ్మా నేనూ వంగి దాటేశాం. మిగతావాళ్ళు కూడా ఒకరి చేయి ఒకరు పట్టుకుని దాటారు. చివరగా వచ్చిన మూలింటావిడ సగం దారిలో గాలికి తూలి, చతికిలబడి, బండను కావలించుకుంది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు. చీర కొంగు ఎగిరి ముఖం మీద కొడుతున్నా తీసుకోవడానికి చేయి వదలలేదు.

నేను నిజంగానే సంతోషించాను. అక్కడే ఉండనీ, సాయంత్రం దాకా ఉండనీ అనుకున్నాను.

"పొద్దున్నే ఎవురి ముఖం చూసిందో చూడు," అని గొణిగింది మా పక్కింటామె.

అమ్మ ఆ మాట విన్నది. నూనె బుడ్డి నా చేతిలో పెట్టింది. "పోవద్దమ్మా!" అని అరిచాను. వినిపించుకోలేదు. కట్టడం పనుల్లో ఎత్తు పలకల మీద తట్ట మోసి మోసి ఆమెకు గాలంటే లెక్క లేదు. వెనక్కి వెళ్ళి మూలింటావిడకు ముందు నిలబడింది.

"లెయ్యి. నా స్వెట్టరు పట్టుకో. కింద చూడాకు. నన్నే చూడు."

మూలింటావిడ లేచింది. రెండు చేతులతో మా నాన్న స్వెట్టరు అంచు బిగించి పట్టుకుంది. గాలికి నీళ్ళు కారుతున్న కళ్ళు అమ్మ వీపు మీద నుంచి ఒక్క క్షణం తిప్పకుండా నడుము దాటింది.

బసవన్న దగ్గర అగ్గిపుల్లలు గీసినవి గీసినట్టే ఆరిపోతున్నాయి.

"చిన్నమ్మా, వచ్చి గాలికి అడ్డం నిలబడు," అన్నాను నేను మూలింటావిడతో. అది బతిమాలడం కాదని ఆమెకూ తెలుసు. వచ్చి శాలువా పరిచి నిలబడింది. ఆమె చాటున, ఆమె చూస్తుండగా, మా అమ్మ మా నాన్న పేరున దీపం పెట్టింది. తిరుగుదారిలో నడుము దగ్గర మూలింటావిడ తనంతట తానే వచ్చి స్వెట్టరు పట్టుకుంది.

అమ్మ ఆమెను క్షమించేసిందని నాకు అమ్మ మీద కూడా కోపం వచ్చింది. ఏడాది పాటు దెప్పుతూనే ఉన్నాను.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఆ ఆదివారం పొద్దున్నే మూలింటావిడ మా గడప ముందు నిలబడింది.

"అక్కా, నువ్వు రావల్ల. నువ్వు లేకుంటే నేను ఆ నడుము దాటలేను. ముందు సీటు నీకే పెట్టినాను."

అమ్మ నవ్వింది. అయిపోయింది, ఇక వెళ్ళి కూర్చుంటుంది అనుకుని నేను పళ్ళు కొరుక్కున్నాను.

"ఏమీ అనుకోవాకు," అంది అమ్మ అదే మెత్తటి గొంతుతో. "బండి కదిలినాక వస్తాలే."

తలుపు మెల్లగా వేసి గడియ పెట్టింది.

బయట టెంపో హారన్ కొట్టింది. కాసేపాగి మళ్ళీ కొట్టింది. ఆ ఏడు నడుము దగ్గర మూలింటావిడ అడుగు వేయలేకపోతే, అందరూ దీపం పెట్టకుండానే తిరిగొచ్చారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆ హారన్ చాలాసేపు మోగుతూనే ఉంది. అమ్మ స్టవ్ మీది నుంచి చిన్న గిన్నె దింపింది. ఇద్దరికి సరిపడా పులిహోర. నా పళ్ళెంలో వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

సరిపోయిందన్నాను.