ఇరవై ఏడు తప్పిన నీళ్లు

జనవరి పన్నెండు, సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు చేపల తొట్టి థర్మామీటర్ ఇరవై రెండు చూపించింది. ఇరవై ఏడు ఉండాలి. నాలుగేళ్లుగా రోజుకు మూడుసార్లు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఐదింటికి చూసి నోటుబుక్కులో రాస్తున్నాను. ఏ చలికాలంలోనూ ఇరవై ఆరుకు కిందికి పోనివ్వలేదు. తొట్టిలో తొమ్మిది ఏంజెల్ చేపలు. అందులో ఒక జంట ముందురోజే మొదటిసారి గుడ్లు పెట్టింది. వెనక అద్దం మీద నాలుగు వరసలు. అవి పిల్లలు కావాలంటే నీటి వేడి నిలకడగా ఉండాలి.

స్టాండు వెనక్కి చెయ్యి పెట్టి చూశాను. హీటర్ స్విచ్ ఆపి ఉంది.

గోడాదరాలోని ఈ ఇంట్లో ఉండేది ముగ్గురం. కొడుకు జోల్వాలో మగ్గాల షెడ్డు దగ్గరే ఉంటాడు, ఆ వారం రాలేదు. మా ఆయనను నేను లెక్కలోకే తీసుకోలేదు. మగ్గాల మోతకు చెవులు సగం పోయిన మనిషి, పొద్దస్తమానం చేపలను చూస్తూ కూర్చుంటాడు. ఇక మిగిలింది కోడలు. ఆమె ముందు గదిలో మిషన్‌తో చీరలకు మెరిసే రాళ్లు అతికిస్తుంది. ఆ మిషన్ ప్లగ్గు హీటర్ ప్లగ్గు పక్కనే.

"స్విచ్చు నువ్వే ఆపినవ్ గదా?" అన్నాను.

"నేనెందుకు ఆపుత అత్తమ్మా? చలి పెడుతుందంటే చెప్పుండ్రి, మీ చేపలకు స్వెటర్లు కుట్టిస్త."

నవ్వుతూ అంది. ఆ నవ్వే నాకు అనుమానం పెంచింది.

ఆ రోజే సన్నని నూలు పోగు ఒకటి తెచ్చి, స్విచ్చుకు అడ్డంగా రెండు మేకుల మధ్య కట్టాను. చెయ్యి పెడితే తెగుతుంది. కట్టినట్టు ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు ఇరవై ఏడే ఉంది. కోడలు జాగ్రత్త పడిందనుకున్నాను.

పదిహేనో తారీఖు ఉదయం ఇరవై ఒకటి. స్విచ్ ఆపి ఉంది, పోగు మాత్రం తెగలేదు. కింది నుంచి వేలు దూర్చిందని తేల్చుకున్నాను. పది గంటలకు, ఆమెతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ల ముందే పోగు సంగతి చెప్పి అడిగాను.

"దారం మీరే కడితిరి, తెగలేదని మీరే అనవడితిరి. మల్ల దొంగ నేనెట్లయిన?" అని కోడలు మిషన్‌ను పాత చీరలో చుట్టుకుని పై అంతస్తులో ఉండే ఆవిడ ఇంటికి వెళ్లిపోయింది.

సాక్ష్యంగా దాచుదామని పోగు విప్పాను. సరిగ్గా నడుమ ఒక ముడి కనిపించింది. నువ్వుగింజ కన్నా చిన్నది, కొసలు పళ్లతో కొరికినది. నేను ముడులు వేసింది మేకుల దగ్గరే. మగ్గం మీద తెగిన పోగును అతికే ఇలాంటి ముడి, ఆ వారం ఇంట్లో ఉన్నవాళ్లలో ఒక్కరికే వస్తుంది.

"ముందటి దినం సాయంత్రం కరెంటు పోయింది. బంద్ చేసిన," అన్నాడు మా ఆయన, అడిగీ అడగకముందే.

నేను ఐదున్నరకు కూరగాయలకు వెళ్తే ఏడు దాటాకే వస్తాను. పతంగుల రోజుల్లో తీగలకు దారాలు చుట్టుకుని కరెంటు పోవడం ఇక్కడ మామూలే. షెడ్డులో కరెంటు పోగానే ప్రతి మగ్గం స్విచ్ ఆపాలి. లేకపోతే తిరిగి వచ్చినప్పుడు మగ్గాలన్నీ ఒక్కసారిగా కదిలి పోగులు తెగుతాయి. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చేసిన పని అది. ఇంట్లోనూ అన్నీ ఆపాడు. కరెంటు వచ్చాక లైట్లు వేశాడు, హీటర్ మరిచాడు. రెండుసార్లూ అంతే.

"మరి పోగు ఎందుకు అతికినవ్?"

"తెగిన పోగు చేతికి తాకితె ఎట్ల ఇడిసిపెడుతరు?" అన్నాడు, నాకే పని రానట్టు.

పైకి వెళ్లి కోడలితో తప్పు నాదేనన్నాను. ఆమె రాయి అతికిస్తూనే, తల ఎత్తకుండా, "రాసుకోండ్రి మరి నోటుబుక్కుల," అంది.

రాశాను. తెల్లమచ్చల రోగం వచ్చి చచ్చిన చేపలు ఆరు, మిగిలినవి మూడు. గుడ్లు నాలుగు వరసలూ పాడయ్యాయి. మిషన్ తిరిగి కిందికి రాలేదు. కోడలు నాతో మాట్లాడని రోజులు ఈరోజుకు పద్నాలుగు.