గోళ్ళ గీతలు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాళ్ళందరూ అంటారు. నేనూ కాదనను. ఎనభైల్లో, పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసే మనిషికి నన్ను రెండో పెళ్ళాంగా ఇచ్చినప్పుడు, పెళ్ళిచూపుల్లోనే అడిగేశాను, మొదటామె ఎందుకు వెళ్ళిపోయిందని. "పడలా" అన్నాడు తలెత్తకుండా. ఆ ఒక్క మాటతో సరిపెట్టుకున్నాను చూడండి, అదే నా బుద్ధితక్కువ.

మనిషి మెతక. పొద్దున సైకిలెక్కి కాలువ గట్టు మీదుగా బట్టీకి పోయేవాడు, సాయంత్రం ముఖానికి తువ్వాలు చుట్టుకుని కనుబొమల దాకా తెల్లగా తిరిగొచ్చేవాడు. అయితే ఒక్కోరోజు చీకటి పడ్డాక వచ్చేవాడు, నిలువెల్లా తడిసి. సున్నం ఒంటి మీద ఉండగా నీళ్ళు తగిలితే చర్మం మండిపోతుంది. బట్టీవాళ్ళు ముందు పొడిగుడ్డతో దులుపుకుని గానీ స్నానానికి దిగరు. ఈయన ఒళ్ళు చూస్తే ఎర్రగా కమిలి ఉండేది. పైగా మెడ మీద, వీపు మీద గీతలు.

"ఇదేంది?"

"రాయి గీరుకుంది."

"రాయికి ఐదు వేళ్ళుంటయ్యా?"

అంతే, నోరు విప్పేవాడు కాదు. అవి ఆడదాని గోళ్ళని నాకు తెలిసిపోయింది. ఆ మాట ఇంట్లో అరిచాను, వీధిలో అరిచాను. మూడో ఏడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాను. "ఎక్కడికి పోతన్నావురా, చెప్పు" అని వాళ్ళడిగితే, ఎదురుగా చాప మీద కూర్చున్న వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆమెకు చెవుడు. ఆమె కూడా నేలచూపులు చూసింది. నేను తెగతెంపుల కాగితం రాయించుకుని, నరసరావుపేటలో మా అక్క ఇంటి వసారాలో కుట్టుమిషను వేసుకున్నాను.

ఆ రోజుల్లో మా వైపు కాలువ సామి మాట జోరుగా ఉండేది. సాగర్ కాలువ పైకి నెమ్మదిగా కనిపిస్తుంది గానీ, లోపల గుంజుకుపోతుంది. అందులో పడ్డవాళ్ళను ఎవరో తెల్లటి మనిషి, ముఖం కనపడకుండా వచ్చి, గట్టున పడేసి మాయమయ్యేవాడు. ఆంజనేయస్వామి అన్నారు కొందరు. సాయిబుల ఇళ్ళలో పీరు అన్నారు. మా వీధి చివర పంతులమ్మ దేవదూత అని ప్రార్థనలో సాక్ష్యం చెప్పింది, ఆమె మేనల్లుణ్ణి అలాగే తీశాడట. నేనూ ఊరుకోలేదు. కాపురంలో ఉండగానే గట్టు మీద కొబ్బరికాయ కొట్టి, సామీ, నా మొగుడికి బుద్ధి మార్చు అని మొక్కుకున్నాను.

మిరపకోతలప్పుడు ఒక సాయంత్రం పిడుగురాళ్ల నుంచి వచ్చిన గాజులామె గుమ్మంలోనే గంప దించేసింది. "ఏమే, మీ ఆయన, అదే, మునుపటాయన! కోతకూలీల బండి కాలువలో బోర్లా పడితే అయిదుగుర్ని తీశాడంట. ఆరో మనిషి కాడ తూము ఇనుముకు తగిలి చెయ్యిరిగింది. జనం తువ్వాలు విప్పి చూస్తే ఏముంది, కాలువ సామి మన బట్టీ ఆయనేనంట!"

నా చేతిలో జాకెట్టు గుడ్డ సూది కింద అలాగే ఉండిపోయింది. అవి గోళ్ళే. నేను తప్పు చూడలేదు. ప్రాణం పోతున్నవాళ్ళు పట్టుకున్న గోళ్ళు. ఒక్కొక్క గీతా ఒక్కొక్క మనిషి. వాటిని నేను ఊరందరి ముందూ లెక్కపెట్టి అసహ్యించుకున్నాను.

ఆయన్ని చేర్చిన పెద్దాసుపత్రికి పరుగెత్తాను. వరండాలో ఒకామె చంకలో బిడ్డతో నిలబడి ఉంది. ఈపూరులో మళ్ళీ మనువాడిన మొదటి భార్య. నన్ను ఎగాదిగా చూసి పోల్చుకుంది. "నీక్కూడా రాయి గీరుకుందనే చెప్పాడా?" అంది. నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. చివరికి ఇద్దరం స్తంభానికి చెరోవైపు చేరి ఏడ్చాం.

లోపల కట్టుతో పడుకున్న మనిషి మమ్మల్నిద్దర్నీ చూసి బెదిరిపోయాడు. ఆయన అడిగింది ఒక్కటే. "అమ్మకు తెలియనీయమాకండి. తమ్ముడు కాలువలో పోయినప్పుడు అమ్మ తన తల మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టేయించుకుంది, నీళ్ళల్లో దిగనని. ఆమెకు తెలియనంతవరకూ ఏం గాదు, ఒట్టు తప్పానని చెవినబడితే ఆమె ప్రాణానికే తగులుద్ది. బట్టీలో జారానని చెప్పండి." నాకెందుకు చెప్పలేదని అడగబోయి ఆగాను. నా నోటి సంగతి ఊరంతా ఎరుగు.

ఇద్దరం బస్సెక్కి వాళ్ళింటికి పోయాం. అప్పటికే జనం కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, ఊదుకడ్డీలు పట్టుకుని చేరుతున్నారు. మొదటామె దడి దగ్గర నిలబడి వాళ్ళను ఆపింది. నేను లోపలికి పోయి అత్త చెవి దగ్గర, బట్టీలో జారిపడ్డాడని అరిచాను. ఆమె చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఎంతమందిని తీశాడే?" అంది.

పక్కన కూలబడ్డాను.

"వాడు తడిబట్టలు గడ్డివామి ఎనక ఆరేసేవాడు. నాకు చెవుడే గానీ గుడ్డితనం లేదుగా. ఒకవైపే ఆరతయ్యని నేనే పోయి రెండోవైపు తిప్పేదాన్ని. ఆ ఒట్టు ఎప్పుడో తీసి గట్టున పెట్టా."

"మరి పెద్దమనుషుల ముందు చెప్పలేదేం అత్తా? నా కాపురం పోతంటే చూస్తా కూర్చున్నావే!" ఆమె చెవిలోనే అరిచాను.

"నాకు తెలుసని తెలిస్తే వాడు దిగడు. నా ప్రాణమంటే వాడికి అంత భయం. వాడు దిగకపోతే నా చిన్నోడి మాదిరి ఎవురి బిడ్డో పోతాడు." పిక్క తీసి పక్కన పెట్టింది. "నీకు చానా అన్యాయం చేశా. ముందు దానిక్కూడా."

ఆమెను తిట్టాలని నోరు తెరిచాను. ఒక్క కొడుకే మిగిలిన ముసలిది, రెండుసార్లు ఆ కొడుకు సంసారం కూలిపోతుంటే నేలచూపులు చూస్తూ కూర్చుంది. కాలువ సామి ఒక్కడే అనుకున్నాం అందరం. ఆమె పాదాలు పట్టుకున్నాను. చింతపండు చేతులతోనే నా తల నిమిరి, "వాడికి చెప్పమాకే" అంది.

మర్నాడు ఆసుపత్రికి పోయాను. నన్ను చూడగానే మంచం మీద లేచి కూర్చోబోయాడు.

"అమ్మకు తెలిసిందా?"

నా నోట్లో నువ్వుగింజ నానిన రోజు అదొక్కటే.

"ఏమీ తెలియదు. బట్టీలో జాగర్తగా నడవమంది."

పెద్దగా ఊపిరి వదిలి దిండుకు ఆనుకున్నాడు. కాసేపు కట్టు వైపే చూసుకుని, "ఇది ఎప్పుడు విప్పుతారంటా?" అని అడిగాడు.