రియాలుకు రెండు రూపాయలు

రెజీనా మస్కట్‌లో ఏడేళ్లు పనిచేసింది. గోదావరిఖని మార్కండేయ కాలనీలో ఇప్పుడు ఆమె ఇంటికి ఎవరైనా కొత్తగా గల్ఫ్ పోయేవాళ్లు వస్తే, వీసా గురించి ఒక మాట, ఎండ గురించి ఒక మాట చెప్పి, తర్వాత నింపాదిగా డబ్బు మార్చే సంగతికి వస్తుంది. ఆ విషయంలో ఆమెను మించినవాళ్లు లేరని అక్కడి ఆడవాళ్లకు గట్టి నమ్మకం.

ఆమె తండ్రి స్తెఫను బొగ్గుబాయిలో ముప్పై మూడేళ్లు చేసి రిటైరైనవాడు. రెజీనా నర్సింగు చదివి గోదావరిఖనిలోనే ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. జీతం తొమ్మిది వేలు. భర్త టిమోతి రామగుండం స్టేషనుకూ ఖనికీ మధ్య షేర్ ఆటో నడిపేవాడు. సొంతంగా ఒక ఇల్లు నిలబెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. ముప్పై ఒకటో ఏట రెజీనా, కూతురిని తల్లి సువార్తమ్మకు అప్పజెప్పి, మస్కట్‌లోని రూవీ అనే పేటలో ఒక క్లినిక్కులో పనికి వెళ్లింది.

మొదటి జీతం నూట యాభై రియాలు, నోట్లుగా చేతికిచ్చారు. రూవీ వీధి పొడుగునా డబ్బు మార్చి ఇండియాకు పంపే దుకాణాలే. ఏ బోర్డు మీద పెద్ద అంకె కనిపిస్తే అందులోకి వెళ్లి పంపేసింది. గదిలో పక్క మంచం కేరళ నర్సు అదే రోజు అంతే డబ్బు ఇంకో దుకాణంలో పంపింది. అక్కడ బోర్డు మీద రేటు ఒక రూపాయి తక్కువే. కాని పంపినందుకు రుసుము తీసుకోలేదు. రెజీనా దగ్గర రెండు రియాలు, అంటే దాదాపు నాలుగు వందల రూపాయలు, తీసుకున్నారు. లెక్క వేసుకుంటే రెండు వందల పైచిలుకు పోయింది. ఖని దవాఖానలో ఒక పూట డ్యూటీ చేసినా అంత రాదని గుర్తొచ్చి ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు.

ఆ తర్వాత ఆమె బోర్డులు చూడడం మానేసింది. నోట్లు దుకాణం కిటికీ దగ్గర చూపించి, అన్నీ పోను ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయో చెప్పమనేది. నాలుగు చోట్ల అడిగి ఐదో చోట పంపేది. విమానాశ్రయంలో మార్చొద్దనీ, మడత చిరిగిన నోటు జీతంలో వస్తే అక్కడే వెనక్కి ఇచ్చెయ్యమనీ, బ్యాంకుతో పనిలేకుండా దొంగచాటుగా పంపే హుండీలో ఎక్కువిస్తానని వచ్చేవాళ్ల మొహం చూడొద్దనీ ఒక్కొక్కటే నేర్చుకుంది. రూపాయి పడిపోయిందని ఇండియా వార్తల్లో బాధపడుతుంటే అక్కడ నర్సులు రియాలుకు ఎక్కువ వస్తుందని వంటగదిలో సంబరంగా టీ పెట్టుకునేవాళ్లు. ఇంటివాళ్లు ఏడ్చే వార్తకు తాము సంతోషపడడం ఏమిటోనని ఆమెకు మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత అలవాటైంది.

శుక్రవారం సెలవు. పొద్దున తెలుగువాళ్ల ప్రార్థన, సాయంత్రం దుకాణాల చుట్టూ తిరుగుడు. ఆమె వెంట ఐదారుగురు ఆడవాళ్లు నడిచేవాళ్లు. రెజీనా ఎవరినీ ఒక్క ప్రశ్న మాత్రం అడిగేది కాదు: ఈ డబ్బు దేనికి? గనుల కాలనీలో పెరిగిన పిల్ల ఆమె. జీతం రోజున ఎవరికి ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది అని వాడకట్టంతా ఆరా తీయడం చూసి విసిగింది. అడగకపోవడమే మర్యాద అనుకునేది.

అనసూర్య ఆమెకు క్లినిక్కులోనే పరిచయమైంది. కాసిపేట దగ్గరి పల్లె. మస్కట్ శివారు సీబులో ఒక ఇంట్లో వంట చేసేది. యజమానురాలి బిడ్డను సూదికి తీసుకొచ్చి, వాణ్ని ఊరుకోబెడుతూ తెలుగులో ఏదో అంటుంటే రెజీనా వింది. ఇద్దరివీ ఒకే దిక్కు ఊళ్లేనని తేలేసరికి రెండు నిమిషాల్లో అక్కాచెల్లెళ్లయ్యారు. అనసూర్య పదేళ్లు పెద్దది, నెమ్మదస్తురాలు. శుక్రవారం ఇంటివాళ్లు మూడు గంటలు వదిలితే బస్సెక్కి రూవీ వచ్చేది.

ఒక మార్చి నెలలో అనసూర్య ఆరు వందల రియాలు కొంగులో కట్టుకొని వచ్చింది. ఎనిమిది నెలల కూడబెట్టు. రెజీనా నాలుగు దుకాణాలు తిరిగి చూసింది. రేటు బాగాలేదు. వారంలో పెరుగుతుందని రెండు రోజులుగా అందరూ అంటున్నారు.

"అక్క, గీ ఒక్క వారం ఆగుదం. రేటు పెరిగేటట్టున్నది."

అనసూర్య ఒక క్షణం దుకాణం కిటికీ వైపు చూసింది. "నీకు ఎరుకనే గద చెల్లె. నువ్వెట్లంటె గట్లనే," అని కొంగు మళ్లీ ముడి వేసుకుంది.

రెజీనా మాటే నిజమైంది. మరుసటి శుక్రవారానికి రియాలుకు రెండు రూపాయలు పెరిగింది. అప్పుడు పంపితే పన్నెండు వందలు లాభం. ఆ సాయంత్రం రెజీనా హుషారుగా అందరికీ సమోసాలు కొనిపెట్టింది. అనసూర్య ఒకటి తిని, బస్సు టైమైందని లేచింది.

తర్వాత రెండు శుక్రవారాలు ఆమె రాలేదు. మూడో శుక్రవారం వచ్చినప్పుడు మనిషి కొంచెం వాడి ఉంది. అంతా మంచేనా, ఇంటికి పైసలు అందాయా అని రెజీనా మాటవరసకు అడిగింది. అప్పుడు తెలిసింది. ఆ డబ్బు బోరు కోసం. యాసంగి వరి పొట్టకొచ్చింది, బావి అడుగంటింది. బోరు బండి ఊళ్లోకి వచ్చి మూడు రోజులుంది. పైసలు ముందే ఇస్తేనే దించుతామన్నారు. అనసూర్య భర్త పోశం శుక్రవారం, శనివారం ఎదురుచూశాడు. ఆదివారం బండి పక్క ఊరికి తరలిపోయింది. మళ్లీ వచ్చేసరికి ఇరవై రోజులు.

"మరి వరి?" అని అడిగింది రెజీనా.

"ఎకరంనర ఎండిపాయె. మేసుటానికి బర్లను ఇడిసిన్రు."

రూవీ వీధిలో జనం అటూఇటూ పోతున్నారు. తన తప్పు కొంచెమైనా తగ్గుతుందేమోనన్నట్టు రెజీనా నెమ్మదిగా అంది. "బోరు సంగతి నాకు ఒక్క మాట చెప్పకపోతివి అక్క."

"నువ్వు అడగలే చెల్లె. నేనేమో గంత పెద్ద ఎరుకున్నదానివి, అన్నీ చూసే చెప్తున్నవనుకున్న."

ఆ మాటలో కోపం లేదు. అందుకే అది రెజీనాలో చాలా లోతుకు దిగింది. తను మర్యాద అనుకున్నది మర్యాద కాదని, రేటు గెలిచే సంబరంలో ఎదుటి మనిషి ముఖం చూడలేదని ఆమెకు అర్థమైంది. కొంగు ముడి వేసుకునే ముందు అనసూర్య కిటికీ వైపు చూసినప్పుడే ఆ డబ్బు దేనికని అడగాల్సింది.

మరుసటి వారం రెజీనా తన జీతంలోంచి యాభై రియాలు తీసి ఆమె చేతిలో పెట్టబోయింది. అనసూర్య తీసుకోలేదు. పంట పోవుడు కొత్తగాదు, నువ్వు మంచికే చెప్పినవ్ అంది. అంతగా ఇవ్వాలనుంటే ఒకటి నేర్పమని అడిగింది. కిటికీ దగ్గర ఎలా అడగాలో, రసీదు చీటీ మీద ఏ అంకె దేనిదో తనకు తెలియాలి. ఆమె మూడో తరగతితో బడి మానేసిన మనిషి.

మూడు నెలలు ప్రతి శుక్రవారం దుకాణం మెట్ల మీద కూర్చొని, వాడిపారేసిన చీటీలు ముందు పెట్టుకొని ఇద్దరూ చదివారు. పంపింది ఇది, రుసుము ఇది, ఇంటికి చేరేది ఇది. జూలైలో అనసూర్య ఒక్కతే కిటికీ దగ్గర నిలబడి, అరబ్బీ, హిందీ కలిపి బేరమాడి, చార్జీలో సగం తగ్గించుకొని వచ్చింది. రెజీనా రోడ్డుకు ఇవతల నిలబడి చూస్తూ ఉండిపోయింది.

పంట పోయాక వాయిదా వేసిన బోరు ఆ వర్షాకాలం తర్వాత పడింది. నూట ఎనభై అడుగుల్లో నీళ్లు. పోశం ఫోను పట్టుకొని పైపు నుంచి పడుతున్న నీళ్లు చూపిస్తే, అనసూర్య ఆ వీడియో రెజీనాకు పంపి, కింద ఏమీ రాయలేదు.

రెజీనా రెండేళ్ల క్రితం తిరిగొచ్చింది. ఇల్లు స్లాబు వరకు లేచింది. ఖనిలోనే ఇంకో దవాఖానలో నైట్ డ్యూటీలు లేని పని చూసుకుంది. కిందటి నెల మమత అనే అమ్మాయి కువైట్ పోతూ వచ్చి కూర్చుంది. మంచి రేటు ఎప్పుడొస్తది, ఎక్కడ మార్చాలె అని అడిగింది. రెజీనా కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"రేటు తర్వాత చూద్దం. నెల నెలా ఇంట్లో ఏ తారీఖున ఏమేం కావాలె, ముందుగాల గది చెప్పు."

మమత వేళ్ల మీద చెప్పడం మొదలుపెట్టింది. తమ్ముడి ఫీజు, ఇంటి కిరాయి, నాయన మందులు. రెజీనా ఒక కాగితం తెచ్చి రాసుకుంటూ, మధ్యలో ఆపి, మందులు నెలకు రెండుసార్లా ఒక్కసారా అని అడిగింది.