నా మోకాళ్ళపై మోపిన అభియోగం

ఉగాది మరునాడు: వికారాబాద్‌లో మా బిడ్డ, అల్లుడు రెండో సంతానం గురించి చాలాసేపు చర్చించుకున్నారు. పక్క గదిలోనే ఉన్న నన్ను పిలవలేదు.

బోనాల ఆదివారం: కొడంగల్ నుంచి వచ్చిన వియ్యపురాలు, పలకరింపైనా పూర్తికాకముందే, "మోకాళ్ళు ఎట్లున్నయి అన్నా?" అని జాలిగా అడిగారు.

దసరా సెలవుల మొదటి రోజు: "నీ మోకాళ్ళు మంచిగ లేవని నాకు తమ్ముడు వద్దట తాతా" అని ఆరేళ్ళ మనవరాలు తెలియజేసింది.

ఏ రోజు సంగతి ఆ రోజే రాసుకోవడం నా అలవాటు. మూడోది రాసేటప్పుడు కాగితం చిరిగింది.

పదవీ విరమణ తర్వాత నేను రోజూ పొద్దున తాండూరులో రైలెక్కి వికారాబాద్‌లో దిగుతున్నాను. బిడ్డ, అల్లుడు ఉద్యోగాల నుంచి తిరిగి వచ్చేదాకా మనవరాలి బాధ్యత నాదే. స్టేషన్ మెట్లెక్కి, బడికి నడిచి, ఆ పిల్ల సంచీ కూడా మోస్తున్న మోకాళ్ళివి.

"బాగున్నరా?" అని ఎవరైనా అడిగితే "బాగున్న" అని నిండుగా చెప్పడం మా వైపు పెద్దలకు అలవాటు లేదు. దిష్టి తగులుతుందని ఏదో ఒక నొప్పి చెప్పుకుంటాం. మా వీధిలో నడుము ఒకరు తీసుకున్నారు, గ్యాస్ ఇంకొకరు తీసుకున్నారు. నాకు మోకాళ్ళు మిగిలాయి. మా అల్లుడు మంచివాడు. ఏది చెప్పినా నమ్ముతాడు.

ఆ సాయంత్రమే విచారణ మొదలుపెట్టాను.

"నా మోకాళ్ళను అడిగినంకనే నిర్ణయం చేసిండ్రా బిడ్డా?"

"గుంజుతున్నయని రోజూ నువ్వే అంటవు గద నాయినా!"

"అది మర్యాదకు అనే మాట."

"ఆ మర్యాదకే నీ అల్లుడు రెండు డబ్బాల మందు తెచ్చిండు."

అల్లుడు మాత్రం నవ్వలేదు. "ఇద్దరు పిల్లల వెంట ఉరుకుడంటే మీకు పరేషాన్ అయితది మామా" అన్నాడు.

వెంటనే లేచి, అందరి ఎదుట గుంజీలు తీశాను. మధ్యలో ఎక్కడో టక్కుమని చప్పుడైంది.

"అది కుర్చీ" అన్నాను.

"కుర్చీ అవతల ఉన్నది తాతా" అంది మనవరాలు.

బిడ్డ నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకుని, నాకు మాత్రమే వినబడేలా అంది: "నీ మోకాళ్ళు గూడ మంచిగుంటే, ఇంకో పిల్లగాడు ఎప్పుడని అడిగే అత్తమ్మకు నేనేం జెప్పాలె నాయినా?"

అప్పటిదాకా ఆ అభియోగం వెనుక ఎవరున్నారో నాకు తెలియలేదు. అల్లుడికి ఇప్పటికీ తెలియదు.

అందుకే బిడ్డ మాట బయటపెట్టకుండా, ఇద్దరికీ ఈ కింది నోటీసు మాత్రమే ఇస్తున్నాను. కావున మీ ఇద్దరికీ తెలియజేయునది ఏమనగా: రెండో బిడ్డ వద్దనుకుంటే ఉద్యోగమని రాయండి, ఇంటి అద్దె అని రాయండి, ఇష్టం లేదని ఒక్క ముక్క రాసినా చాలు, మారుమాట్లాడను. కొడంగల్‌కు నేనే వెళ్ళి చెప్పి వస్తాను. కావాలనుకుంటే ఎప్పటిలా అదే రైలుకు వచ్చి ఇద్దరు పిల్లలనూ చూసుకుంటాను. ఏది రాసినా కారణాలలో నా మోకాళ్ళ ప్రస్తావన ఉండరాదు. ముందుగా మీలో మీరు నిజం మాట్లాడుకుని, ఇద్దరి సంతకాలతో, వచ్చే ఆదివారం భోజనాల లోపు నాకు వ్రాతపూర్వక సమాధానం ఇవ్వవలెనని ఇందుమూలంగా కోరుతున్నాను.